55 శాతం నుంచి 78 శాతానికి: షికాగో మేయర్ డేలీ ఎన్నికల లెక్క ఏం చెబుతోంది?

క్లుప్తంగా: రిచర్డ్ జె. డేలీ 1955 నుంచి 1975 దాకా వరసగా ఆరుసార్లు షికాగో మేయర్‌గా గెలిచారు. తొలి ఎన్నికలో ఆయనకు వచ్చింది 55 శాతం, ఆఖరి ఎన్నికలో 78 శాతం. పైకి చూస్తే పట్టు బిగిసినట్టే ఉంది. కానీ అదే కాలంలో ఆయనకు పడ్డ ఓట్లు 7.08 లక్షల నుంచి 5.43 లక్షలకు తగ్గాయి. శాతం పెరిగింది ఆయన వైపు జనం పెరిగినందుకు కాదు, ఎదుటివైపు జనం పోలింగ్‌కు రావడం మానేసినందుకు.

పేరు ఒకటే, మేయర్లు ఇద్దరు

షికాగో రాజకీయాల గురించి ఏది చదివినా ‘మేయర్ డేలీ’ అన్న మాట తగులుతుంది. ఆ పేరుతో ఇద్దరున్నారు. తండ్రి రిచర్డ్ జె. డేలీ 1955 ఏప్రిల్‌లో గెలిచి, 1976 డిసెంబరు 20న పదవిలో ఉండగానే చనిపోయారు. కొడుకు రిచర్డ్ ఎం. డేలీ 1989లో గెలిచి 2011 దాకా కొనసాగి, పదవీకాలంలో తండ్రిని కొన్ని నెలల తేడాతో దాటారు. ఇద్దరూ డెమోక్రాట్లే. ఇద్దరూ ఆరేసి ఎన్నికలు గెలిచారు. ఇద్దరి తొలి గెలుపూ 55 శాతమే, ఇద్దరి అత్యధిక వాటా 78 శాతం చుట్టుపక్కలే. ఒకరి లెక్కలు ఇంకొకరికి అంటగట్టి రాసేవాళ్లను తప్పుపట్టలేం. ఈ వ్యాసం ప్రధానంగా తండ్రి గురించి. కొడుకు రికార్డు చివర్లో, పోల్చడానికి అవసరమైనంత వరకే వస్తుంది.

ఆరు ఎన్నికలు, ఒక చిక్కు

1955లో డేలీకి 7,08,222 ఓట్లు పడ్డాయి. రిపబ్లికన్ టికెట్‌పై పోటీ చేసిన రాబర్ట్ మెరియమ్‌కు 5,81,255. మెరియమ్ నిజానికి డెమోక్రాట్‌గా నగర కౌన్సిల్లో ఉన్న మనిషి. అవినీతిపై గట్టిగా మాట్లాడి, పార్టీ మారి దిగారు. తేడా లక్షా 27 వేల లోపే.

1959కి పరిస్థితి మారిపోయింది. తిమోతీ షీహన్‌పై డేలీకి 71 శాతం వచ్చింది. 1963లో మళ్లీ 56 శాతానికి దిగింది. 1967లో జాన్ వేనర్‌పై 73 శాతం, 1971లో రిచర్డ్ ఫ్రీడ్‌మన్‌పై 70 శాతం. 1975లో జాన్ హోలెన్‌పై దాదాపు 78 శాతం.

చిక్కు ఎక్కడుందంటే, మొత్తం పోలైన ఓట్లను పక్కన పెట్టుకుని చూస్తే ఇదే రికార్డు వేరేలా కనబడుతుంది. 1955లో అభ్యర్థులందరికీ కలిపి పడ్డవి సుమారు 12.9 లక్షలు. 1975లో సుమారు 7 లక్షలు. ఇరవై ఏళ్లలో 46 శాతం పడిపోయాయి. డేలీ సొంత ఓట్లు తగ్గింది 23 శాతం. ఆయన ప్రత్యర్థులందరి ఓట్లు కలిపి 5.81 లక్షల నుంచి 1.56 లక్షలకు, అంటే 73 శాతం కరిగిపోయాయి. ఓట్ల పరంగా చూస్తే ఆయనకు అతి ఎక్కువ వచ్చింది 1967లో, 7,92,238. శాతం శిఖరానికి చేరిన 1975లో వచ్చిన 5,42,817 ఆరింటిలోకీ అతి తక్కువ.

నగర జనాభా తగ్గింది కదా అనే వాదన వెంటనే వస్తుంది. తగ్గిన మాట నిజమే. 1950 జనగణనలో 36.2 లక్షలున్న షికాగో 1970 నాటికి 33.7 లక్షలకు వచ్చింది. అంటే 7 శాతం. పైగా 1971లో ఓటు వయసు 21 నుంచి 18కి దించారు కాబట్టి 1975లో ఓటు హక్కు ఉన్నవాళ్ల కోవలోకి కొత్త వయసువాళ్లు చేరారు. ఏడు శాతం జనాభా తగ్గితే ఓట్లు దాదాపు సగం పోవడానికి వేరే కారణం వెతకాల్సిందే.

అసలు పరీక్ష ఫిబ్రవరిలో

అప్పటి షికాగోలో మేయర్ ఎన్నిక రెండు దశల్లో జరిగేది. ఫిబ్రవరి చివర్లో పార్టీల ప్రైమరీలు, అంటే ఒక్కో పార్టీ అభ్యర్థిని ఓటర్లే ఎంచే ఎన్నికలు, ఏప్రిల్లో అసలు ఎన్నిక. సంవత్సరాలు కూడా బేసివి. అధ్యక్ష ఎన్నిక గానీ, కాంగ్రెస్ (అమెరికా పార్లమెంటు) ఎన్నిక గానీ ఆ రోజున ఉండవు. మంచు కురిసే ఫిబ్రవరిలో మామూలు మనిషి పనిగట్టుకుని వెళ్లి ప్రైమరీలో ఓటేయాలంటే ఎవరో ఒకరు తలుపు తట్టి గుర్తుచేయాలి. ఆ తలుపు తట్టే మనుషులు ఎవరి దగ్గర ఎక్కువుంటే వాళ్లదే పైచేయి.

1955 ప్రైమరీలో డేలీ ఢీకొన్నది సొంత పార్టీ సిట్టింగ్ మేయర్ మార్టిన్ కెనెలీని. కెనెలీ వ్యాపారి, పేరున్న మనిషి, పత్రికల మద్దతు కూడా ఉంది. కానీ పార్టీ చేతిలో ఉండే ఉద్యోగాలను పరీక్షల ద్వారా భర్తీ చేసే సివిల్ సర్వీసు కిందకి మార్చుకుంటూ పోయారు. వార్డు నాయకులకు అది కడుపు మీద దెబ్బ. దక్షిణ షికాగో నల్లజాతి వార్డులను శాసించే కాంగ్రెస్ సభ్యుడు విలియం డాసన్‌కు ఆయనంటే మరీ గిట్టదు. 1954 డిసెంబరులో అభ్యర్థిని ఎంచే పార్టీ కమిటీ ముందుకు కెనెలీ వెళ్తే కొద్ది నిమిషాల్లోనే బయటికి పంపేశారు. టికెట్ డేలీకి వచ్చింది. అప్పటికే ఆయన కుక్ కౌంటీ (షికాగో ఉన్న జిల్లా) డెమోక్రటిక్ పార్టీ అధ్యక్షుడు.

కెనెలీ ఊరుకోలేదు, ప్రైమరీలో దిగారు. మూడో అభ్యర్థిగా బెంజమిన్ ఆడమౌస్కీ నిలబడ్డారు. ఫలితం: డేలీకి 49 శాతం, కెనెలీకి 35, ఆడమౌస్కీకి 15. సగం ఓట్లు కూడా దాటకుండానే డేలీ అభ్యర్థి అయ్యారు. రెండో రౌండు నిబంధన ఉండి ఉంటే కథ ఏమయ్యేదో ఊహించుకోవాల్సిందే. ఆ తరవాత 1975 దాకా ప్రైమరీలో ఆయనకు చెప్పుకోదగ్గ ప్రత్యర్థే లేరు. అందుకే ఏప్రిల్ ఫలితాలు మాత్రమే చూసి డేలీ బలాన్ని అంచనా వేస్తే సగం బొమ్మే దొరుకుతుంది.

చెప్పుకోదగ్గ అనడానికి కారణం ఉంది. 1959లో అమెరికా జెండా తలపించే దుస్తులు వేసుకుని ప్రచారం చేసే లార్ డేలీ అనే ఆయన (చుట్టరికం ఏమీ లేదు) రెండు పార్టీల ప్రైమరీల్లోనూ నిలబడి, టీవీ వార్తల్లో మేయర్‌ని చూపించారు కాబట్టి తనకూ అంతే సమయం ఇవ్వాలని పట్టుబట్టారు. ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ ఆయన మాటే సరైనదంది. కంగారుపడిన కాంగ్రెస్ ఆ ఏడాదే చట్టం మార్చి వార్తా ప్రసారాలకు మినహాయింపు ఇచ్చింది. గెలుపోటములతో పని లేకుండా దేశ చట్టాన్ని మార్పించిన అభ్యర్థి ఆయన.

ఓటు ఎలా లెక్కకొచ్చేది

చట్టం ప్రకారం షికాగో మేయర్ అంత బలవంతుడేమీ కాదు. అధికారం 50 మంది ఉండే నగర కౌన్సిల్‌ది. డేలీ బలం మేయర్ కుర్చీ ఒక్కదాని నుంచే రాలేదు, పార్టీ అధ్యక్ష పదవిని కూడా వదలకపోవడం నుంచి వచ్చింది. 1953లో దక్కిన ఆ పదవిని ఆయన చనిపోయేదాకా ఉంచుకున్నారు. ఒక చేత్తో ఉద్యోగాలు, ఇంకో చేత్తో టికెట్లు.

నగరం 50 వార్డులు. ఒక్కో వార్డుకు పార్టీ తరఫున ఒక కమిటీమన్. వార్డు కింద పదుల సంఖ్యలో ప్రెసింక్టులు, అంటే పోలింగ్ బూత్ పరిధులు. ఒక్కో ప్రెసింక్టుకు ఒక కెప్టెన్. కెప్టెన్లలో చాలామంది నగర, కౌంటీ శాఖల్లో జీతం తీసుకునేవాళ్లే. పార్టీ సిఫారసు మీద నడిచే ఉద్యోగాలు 35 వేల నుంచి 40 వేల దాకా ఉండేవని మామూలుగా చెప్పే అంచనా. ఉద్యోగం కావాలంటే వార్డు కమిటీమన్ నుంచి ఉత్తరం కావాలి. ఉద్యోగం నిలబడాలంటే ఎన్నిక రోజున ప్రెసింక్టు నిలబడాలి.

కెప్టెన్ పని ఎన్నికల నెలలో మొదలయ్యేది కాదు. వీధి దీపం వెలగకపోయినా, చెత్త బండి రాకపోయినా, కొత్త చెత్త డబ్బా కావాలన్నా, కొడుక్కి వేసవి పని కావాలన్నా జనం అడిగేది అతన్నే. ఎన్నికకు ముందు అతను ఇల్లిల్లూ తిరిగి, తన ప్రెసింక్టులో ఎన్ని ఓట్లు వస్తాయో, ఎన్ని పోతాయో కమిటీమన్‌కు లెక్క రాసివ్వాలి. ఆ లెక్కలన్నీ కలిసి పైకి వెళ్లేవి. చెప్పినదానికంటే తక్కువ వస్తే తప్పు. బాగా ఎక్కువ వచ్చినా సంజాయిషీ చెప్పుకోవాలి, ఎందుకంటే తన వీధి తనకే తెలియదని అర్థం. పోలింగ్ సర్వేలు ఇంకా ఊపందుకోని రోజుల్లో ఇంత నమ్మకమైన సమాచారం ప్రత్యర్థుల దగ్గర ఉండే అవకాశమే లేదు.

ఇలాంటి యంత్రాంగానికి తక్కువ పోలింగ్ లాభమే. తనకు కచ్చితంగా పడే ఓట్లు ఎన్నో దానికి తెలుసు. మిగతావాళ్లు ఎంత తక్కువ వస్తే శాతం అంత బాగుంటుంది.

దొంగ ఓట్ల సంగతేమిటన్న ప్రశ్న ఇక్కడ వస్తుంది. ఆరోపణలు గాలి మాటలు కావు. 1972 మార్చి ప్రైమరీలో జరిగిన ఓటింగ్ అక్రమాలను బయటపెట్టినందుకు షికాగో ట్రిబ్యూన్‌కు 1973లో పులిట్జర్ బహుమతి వచ్చింది. 1960 అధ్యక్ష ఎన్నికలో షికాగో ఉన్న ఇల్లినాయ్ రాష్ట్రాన్ని కెనడీ 9 వేల లోపు ఓట్ల తేడాతో గెలవడం డేలీ పేరును శాశ్వతంగా ఈ వివాదంతో ముడిపెట్టింది. అయితే ఇల్లినాయ్‌కి ఉన్న 27 ఎలక్టొరల్ ఓట్లు (అధ్యక్షుణ్ణి తేల్చే, రాష్ట్రాలవారీ ఓట్లు) తీసేసినా కెనడీకి 276 మిగులుతాయి, కావలసింది 269. మేయర్ ఎన్నికల విషయంలోనూ అంతే. గట్టి పోటీ జరిగిన 1955లో తేడా 1.27 లక్షలు, 1963లో 1.39 లక్షలు. అక్రమాలు ఆ అంకెలను ఉబ్బించి ఉండొచ్చు. కానీ గెలుపును వాటితోనే వివరించడం తేలికపాటి వాదన. ఉద్యోగాల గొలుసు అంతకంటే బాగా వివరిస్తుంది.

1963: కూటమి బీటలు వారిన ఏడాది

డేలీ రికార్డులో అన్నింటికంటే ఎక్కువ విషయం ఉన్న ఎన్నిక ఇదే. ఎనిమిదేళ్ల కింద ప్రైమరీలో మూడో స్థానంలో నిలిచిన ఆడమౌస్కీ ఈసారి రిపబ్లికన్‌గా వచ్చారు. మధ్యలో ఆయన కౌంటీ ప్రాసిక్యూటర్‌గా గెలిచి, నగర శాఖల అక్రమాలను తవ్వి, 1960లో ఆ పదవి పోగొట్టుకున్నారు. అదే ఏడాది మొదట్లో కొందరు పోలీసులే ఒక దొంగతో కలిసి దుకాణాలు దోచిన సమ్మర్‌డేల్ కుంభకోణం బయటపడింది. ఇంకోవైపు నగర నిర్మాణాల ఖర్చుతో ఆస్తి పన్ను పెరుగుతోంది. సొంత ఇల్లున్న తెల్లజాతి మధ్యతరగతికి, అందులోనూ పోలిష్ మూలాలున్న వార్డులకు, పోలిష్ కుటుంబం నుంచే వచ్చిన ఆడమౌస్కీ సహజమైన ఎంపిక అయ్యారు.

డేలీకి 6.79 లక్షలు, ఆడమౌస్కీకి 5.41 లక్షలు వచ్చాయి. తెల్లజాతి ఓటర్లలో ఎక్కువమంది ఆడమౌస్కీకే వేశారన్నది పరిశోధకుల అంచనా. డేలీని గట్టెక్కించింది డాసన్ వార్డులు, పశ్చిమ షికాగోలోని నల్లజాతి వార్డులు. అంటే నగరంలో అన్నింటికంటే పేద ప్రాంతాలు.

మామూలు రాజకీయ తర్కం ప్రకారం ఆ ఓటర్లకే ఆయన ఎక్కువ చేయాలి. జరిగింది దాదాపు రివర్స్. ఆ వార్డులు ఎలాగూ తమవే అన్న ధీమాతో, జారిపోతున్న తెల్లజాతి ఇంటి యజమానుల వైపు డేలీ మొగ్గారు. 1966లో మార్టిన్ లూథర్ కింగ్ షికాగోకు వచ్చి, నల్లజాతివాళ్లకు ఏ పేటలోనైనా ఇల్లు దొరకాలని ఊరేగింపులు తీశారు. ఆగస్టు 5న మార్కెట్ (Marquette) పార్క్ ప్రాంతంలో ఆయన తలకు రాయి తగిలింది. నెలాఖరుకు నగరంతో ఒక ఒప్పందం కుదిరింది గానీ, అమలు చేసే కోరలు దానికి లేవు. మరుసటి ఏప్రిల్లో డేలీకి 73 శాతం. తెల్లజాతి పేటలు తిరిగొచ్చాయి, నల్లజాతి పేటలు ఇంకా పోలేదు. రెండూ కలిసొచ్చిన ఆఖరి ఎన్నిక అది. నిరసనగా బ్యాలెట్ మీద పేరు రాసే పద్ధతిలో హాస్యనటుడు డిక్ గ్రెగరీకి 22 వేలకు పైగా పడ్డాయి.

ఓటర్లు ఎటు పోయారు?

1968 ఏప్రిల్లో కింగ్ హత్య తరవాత అల్లర్లు చెలరేగాయి. నిప్పుపెట్టేవాళ్లను కాల్చి చంపమని పోలీసులకు చెప్పానని డేలీ బహిరంగంగానే అన్నారు. ఆగస్టులో డెమోక్రటిక్ జాతీయ మహాసభ బయట పోలీసులు యువకులను చితకబాదడం దేశమంతా టీవీలో చూసింది. 1969 డిసెంబరులో నల్లజాతి ఉద్యమ సంస్థ బ్లాక్ పాంథర్ నాయకుడు ఫ్రెడ్ హాంప్టన్ ఒక దాడిలో చనిపోయాడు. దాడి చేసిన పోలీసులు డేలీ పార్టీకే చెందిన ప్రాసిక్యూటర్ ఎడ్వర్డ్ హాన్రహాన్ కింద పనిచేసేవాళ్లు. 1972లో నల్లజాతి ఓటర్లు పార్టీ గీత దాటి, రిపబ్లికన్ బెర్నార్డ్ కేరీకి వేసి హాన్రహాన్‌ను ఓడించారు. డాసన్ 1970లోనే చనిపోయారు. ఆయన స్థానంలో కాంగ్రెస్‌కు వెళ్లిన రాల్ఫ్ మెట్‌కాఫ్ పోలీసు దౌర్జన్యాల విషయంలో డేలీతో తెగదెంపులు చేసుకున్నారు.

ఇంత జరిగినా 1971లో 70 శాతం, 1975లో 78 శాతం ఎలా వచ్చాయి? కోపమొచ్చిన ఓటరుకు ఎదుట ఆనే అభ్యర్థి లేకపోవడమే కారణం. 1950లో జనాభాలో దాదాపు 14 శాతం ఉన్న నల్లజాతివాళ్లు 1970కి మూడో వంతుకు చేరారు. నగరంలోని రిపబ్లికన్ పార్టీ వాళ్లకు సొంతంగా అనిపించలేదు. డెమోక్రటిక్ ప్రైమరీ యంత్రాంగం చేతిలో ఉంది. రెండిట్లో ఏదీ పనికిరాదనుకున్నవాళ్లు ఇంట్లో ఉండిపోయారు. రిపబ్లికన్లకు వేసే తెల్లజాతి కుటుంబాల్లో చాలామంది అప్పటికే శివారు పట్టణాలకు తరలిపోయారు. ఈ రెండు ఖాళీల మధ్య ఒకప్పటి 55 శాతం వాటా కాస్తా 78 అయింది.

1975 ఫిబ్రవరిలో ఇరవై ఏళ్ల తరవాత డేలీకి అసలైన ప్రైమరీ ఎదురైంది. 72 ఏళ్ల వయసు, ముందు ఏడాది పక్షవాతం, సన్నిహితులపై కోర్టు శిక్షలు. యువ కౌన్సిలర్‌గా పేరు తెచ్చుకున్న విలియం సింగర్, రాష్ట్ర శాసనసభలో నల్లజాతి సెనేటర్ రిచర్డ్ న్యూహౌస్, హాన్రహాన్ ముగ్గురూ దిగారు. డేలీకి 58 శాతం, సింగర్‌కు 29 శాతం వచ్చాయి. ఆ ప్రైమరీలో పడ్డ ఓట్లు ఏప్రిల్లో అసలు ఎన్నికలో పడ్డవాటికంటే ఎక్కువ. అసలు ఎన్నిక ఏదో ఓటర్లకు బాగానే తెలుసన్నమాట. ఏప్రిల్ ప్రత్యర్థి హోలెన్ పరిస్థితి ఇంకా విడ్డూరం: నగర కౌన్సిల్లో తన వార్డు సీటును ఆయన ఫిబ్రవరిలోనే ఓడిపోయారు. సొంత వార్డు పోగొట్టుకున్న అభ్యర్థిపై వచ్చిన 78 శాతాన్ని డేలీ జనాదరణకు కొలతగా చూపడం ఎంతవరకు సబబో ఆలోచించాల్సిందే.

1983 ఇచ్చిన జవాబు

డేలీ పోయాక యంత్రాంగం రెండేళ్లలోనే తడబడింది. 1979 జనవరిలో కురిసిన భారీ మంచును సరిగా తొలగించలేక, ఆయన వారసుడు మైకేల్ బిలాండిక్ ఫిబ్రవరి ప్రైమరీలో జేన్ బర్న్ చేతిలో ఓడారు. రాజకీయ కారణాలతో ఉద్యోగులను తీసేయకూడదన్న షాక్‌మన్ కోర్టు ఉత్తర్వు 1972లోనే వచ్చింది. 1983లో అది నియామకాలకూ విస్తరించింది. ఉద్యోగాల గొలుసు ఒక్కో లింకూ ఊడిపోతూ వచ్చింది.

అసలు జవాబు మాత్రం 1983 మేయర్ ఎన్నికలో ఉంది. నల్లజాతి పేటల్లో పెద్దఎత్తున ఓటర్ల నమోదు జరిగింది. డెమోక్రటిక్ ప్రైమరీలో నల్లజాతి నాయకుడు హెరాల్డ్ వాషింగ్టన్ 36 శాతంతో గెలిచారు. సిట్టింగ్ మేయర్ బర్న్ రెండో స్థానం, రిచర్డ్ ఎం. డేలీ దాదాపు 30 శాతంతో మూడో స్థానం. ఏప్రిల్లో రిపబ్లికన్ బెర్నార్డ్ ఎప్టన్‌పై వాషింగ్టన్‌కు 6,68,176 ఓట్లు, ఎప్టన్‌కు 6,19,926. మొత్తం పోలైనవి సుమారు 12.9 లక్షలు.

ఇది దాదాపు 1955 నాటి మొత్తమే. మధ్యలో నగర జనాభా 30 లక్షలకు దిగినా అన్ని ఓట్లూ పడ్డాయి. డేలీ కాలంలో ఓట్లు తగ్గడం పట్టణ జీవితంలో వచ్చిన ఏదో సహజ మార్పు కాదని దీన్నిబట్టి తేలుతోంది. ఫలితం ముందే తెలిసిన ఎన్నికకు రాని జనం, తెలియని ఎన్నికకు వచ్చారు. ఆ పోటీ జాతి ప్రాతిపదికన సాగిందన్నది వేరే సంగతి, దాని చేదు కౌన్సిల్లో ఏళ్ల తరబడి ఉంది.

కొడుకు రికార్డు, న్యూయార్క్ పోలిక

వాషింగ్టన్ 1987లో పదవిలో ఉండగా చనిపోయాక 1989 ప్రత్యేక ఎన్నికలో రిచర్డ్ ఎం. డేలీ 55 శాతంతో, 5.77 లక్షల ఓట్లతో గెలిచారు. 2003లో ఆయనకు 78 శాతానికి పైగా వచ్చింది, ఓట్లు మాత్రం 3.64 లక్షలు. 2007లో 71 శాతం, 3.25 లక్షలు. తండ్రి గ్రాఫే చిన్న సైజులో. తేడా ఒక్కటే: ఈ కాలంలో పాత తరహా ప్రెసింక్టు సైన్యం స్థానంలో ఎన్నికల నిధులు, టీవీ ప్రకటనలు, కాంట్రాక్టర్ల మద్దతు వచ్చాయి. పద్ధతి మారినా ప్రత్యర్థి మాయమయ్యే ఫలితం మారలేదు.

ఇదే కాలపు న్యూయార్క్ వైపు చూస్తే ఎడ్ కోచ్ కనిపిస్తారు. 1985లో ఆయన కూడా 78 శాతంతో మూడోసారి గెలిచారు. నాలుగేళ్లకే, 1989లో, డెమోక్రటిక్ ప్రైమరీలో డేవిడ్ డింకిన్స్ చేతిలో ఓడిపోయారు. శాతం ఇద్దరిదీ ఒకటే. కానీ ప్రైమరీ తలుపు కాపలా కాయడానికి తండ్రి డేలీకి ఉన్నటువంటి యంత్రాంగం కోచ్ దగ్గర లేదు.

నిబంధన మారాక

1995లో ఇల్లినాయ్ శాసనసభ షికాగో మేయర్ ఎన్నికను పార్టీ గుర్తులు లేనిదిగా మార్చింది. 1999 నుంచి అందరూ ఒకే ఫిబ్రవరి బ్యాలెట్‌పై ఉంటారు, ఎవరికీ సగం దాటకపోతే మొదటి ఇద్దరి మధ్య ఏప్రిల్లో రెండో రౌండు. ఓట్లు చీలి 36 శాతంతో ఒకరు అభ్యర్థి అయ్యే 1983 లాంటి ఫలితాన్ని అడ్డుకోవడానికే ఇది తెచ్చారని విమర్శకులు అప్పట్లో అన్నారు. రిచర్డ్ ఎం. డేలీకి అది అడ్డు రాలేదు, ప్రతిసారీ మొదటి రౌండులోనే తేల్చేశారు.

ఆ నిబంధన అసలు పని మొదలుపెట్టింది ఆయన వెళ్లిపోయాకే. 2015లో సిట్టింగ్ మేయర్ రామ్ ఇమాన్యుయెల్ ఫిబ్రవరిలో సగం దాటలేక, షికాగో చరిత్రలో తొలి రెండో రౌండు ఆడాల్సి వచ్చింది, చివరికి గెలిచారు. 2023లో లోరి లైట్‌ఫుట్‌కు రెండో రౌండు కూడా దక్కలేదు. పదవిలో ఉన్న మేయర్ ఫిబ్రవరిలోనే మూడో స్థానంలో ఆగిపోయారు.